పడుకున్న గీతలు, నిలబడ్డ గీతలు

తార్నాక,
6 అక్టోబరు 2024

చిరంజీవి భార్గవికి,

పెద్దమ్మ దీవెనలు. ఇక్కడ అందరం బాగున్నాం. అందరం అంటే నేనూ, వంటకు వచ్చే లచ్చవ్వా, ఏసీ పెట్టె మీద కాపురం పెట్టిన పావురాలూ. ప్రొద్దుటూరులో మీ అమ్మ కూడా బాగుందట, నీకు సంబంధాలు చూస్తోందట. నేను మధ్యలో ఏమీ అనలేదు. అన్నానని మీ అమ్మ చెబితే నమ్మకు.

నువ్వు మొన్నంతా ఫోన్ చేస్తూనే ఉన్నావు. కావాలనే ఎత్తలేదు. చెవిలో ఆ మెషిన్ పెట్టుకుంటే నీ గొంతు డబ్బాలో గులకరాళ్ళు ఆడించినట్టు వస్తుంది. తీసేస్తే సగం వినబడదు. వినబడని సగాన్ని నేనే ఊహించుకుని నీ మీద కోపం తెచ్చుకుంటాను. అందుకని మన పద్ధతే మనకు మేలు. లెక్కలు ఈమెయిల్లో పంపు, మాటలు కాగితం మీద రాసి పోస్టు చెయ్యి. రాజస్థాన్‌లో మీ అబ్జర్వేటరీ ఉన్న ఆ కొండ మీద కూడా పోస్టాఫీసు ఉంటుందిగా.

నేను రిటైరైనా డిపార్ట్‌మెంటులో నా గది తాళం ఇంకా నా దగ్గరే ఉంది. ఫిబ్రవరి ఇరవై ఎనిమిదిన, సైన్సు దినోత్సవం నాడు, నా చేత ఉపన్యాసం ఇప్పిస్తారట. శాలువా కప్పి తాళం తీసుకుంటారట. మర్యాదగా గది ఖాళీ చేయించడం అంటే ఇదే.

ఆ లోపల నాకు ఒక పని తీరాలి. ఏ పనో నీకు తెలుసు. మా గెలాక్సీ. జొన్నరొట్టెను అంచు వైపు నుంచి చూసినట్టు సన్నగా ఉంటుంది, నడుమ కొంచెం ఉబ్బు. ఆ నడుమన, దాని గుండెకాయలో, అయస్కాంత క్షేత్రం గీతలు ఎటు పోతున్నాయన్నదే నాకూ దయాకర్‌కూ ఇన్నేళ్ళ తగాదా. రొట్టె వెంబడే పడుకుని ఉన్నాయని నేనంటాను. రొట్టెను చీల్చుకుని పైకి నిలబడి ఉన్నాయని ఆయనంటాడు. మా పాత టెలిస్కోపుతో అంత లోపలికి చూడలేకపోయాం, దుమ్ము అడ్డం వచ్చింది. ఒకసారి పెద్ద సభలో ఆయన్ని అందరి ముందూ నిలదీశాను. అప్పటి నుంచి మా మాటలు గుడ్‌మార్నింగ్ దగ్గరే ఆగిపోయాయి. ఒకే వరండాలో ఎదురెదురు గదులు, అయినా అంతే. ఆయన నాకంటే రెండేళ్ళు ముందే రిటైరయ్యాడు. అప్పుడు కూడా నేను వీడ్కోలు సభకు వెళ్ళలేదు.

ఇప్పుడు దారి దొరికింది. పరారుణ కాంతిలో చూస్తే ఆ దుమ్మే వెలుగుతుంది. విమానంలో టెలిస్కోపు పెట్టి ఎగరేసినవాళ్ళు మా గెలాక్సీని కూడా చూశారు. ఆ విమానం ఇప్పుడు ఎగరడం లేదు గాని, వాళ్ళు కొలిచినవన్నీ ఎవరైనా తీసుకోవచ్చు. నీకు ఈమెయిల్లో పంపాను. ఆకాశం వెలుగు, యంత్రం వెలుగు తీసేసి శుభ్రం చేసి పంపు. ఈ పనిలో నీ చెయ్యి నాకంటే నయం.

మిగతాది నేను చూసుకుంటాను. దుమ్ము రేణువులు అయస్కాంత గీతకు అడ్డంగా తిరిగి ఉంటాయి, వాటి నుంచి వచ్చే కాంతీ అటే ఊగుతుంది. కాబట్టి కాంతి గీతను పావు చుట్టు తిప్పితే గాని అసలు గీత రాదు. ఎమ్మెస్సీలో నువ్వు ప్రతిసారీ తిప్పడం మరిచిపోయి నా చేత తిట్లు తినేదానివి. పరీక్షలో కూడా మరిచిపోయావు. సొంత పెద్దమ్మ చేతనే మార్కులు కోయించుకున్న ఘనత నీది.

చలికి కాళ్ళకు మేజోళ్ళు వేసుకో.

ఆశీస్సులతో,
పెద్దమ్మ


కొండ మీద నుంచి,
23 అక్టోబరు 2024

పెద్దమ్మకు నమస్కారాలు.

మేజోళ్ళు రెండేసి జతలు వేసుకుంటున్నాను. ఇక్కడ చలి కంటే ఎలుగుబంట్లతో తంటా ఎక్కువ. రాత్రి మెస్సు వెనక చెత్తడబ్బాల దగ్గరికి వస్తాయి. మొన్న ఒకటి మా వంటాయన చెప్పు ఎత్తుకుపోయింది. ఆయన వారం రోజులుగా జత కాని చెప్పులతో తిరుగుతున్నాడు, కొనుక్కోమంటే "తిరిగి తెచ్చిస్తుందేమో" అంటున్నాడు. పప్పులో ఇంత నెయ్యి పోస్తాడు గాని కారం ఎరగడు. నువ్వు పంపిన నువ్వులపొడి అయిపోయింది.

అమ్మ సంబంధాల సంగతి నాకు చెప్పలేదు. చెప్పకపోయినా నాకు తెలుసని అమ్మకు తెలుసు. ఆ విషయం అలా ఉండనీ.

ఫైలు శుభ్రం చేసి నిన్న ఈమెయిల్లో పంపాను. చేయవలసినవన్నీ చేశాను. పటం మీద వేసుకోవడమే తరువాయి. ఈసారి నా చేత తిట్లు తినిపించే అవకాశం నీకు ఒక్కటి కూడా మిగల్చలేదు, చూసుకో.

దయాకర్ సర్ ఎలా ఉన్నారు? మాకు రెండో ఏడాది పాఠం చెప్పేవారు. బోర్డు మీద నీ గెలాక్సీ గీసి, గీతలన్నీ నిలువుగా గీసి, "గీతలు నిలబడే ఉంటయ్. గీ సంగతి మీ పెద్దమ్మకు చెప్పకు, నాతోని మాట్లాడుడు గిట్ల బంద్ చేస్తది" అనేవారు. క్లాసంతా నవ్వేది. అప్పటికే మీరు మాట్లాడుకోవడం లేదని అందరికీ తెలుసు.

నీ
భార్గవి


తార్నాక,
20 నవంబరు 2024

చిరంజీవి భార్గవికి,

నువ్వులపొడి, కరివేపాకు పొడి పార్సిల్ చేశాను. వంటాయనకు కూడా రుచి చూపించు.

ఇక అసలు కబురు. పడుకున్నాయి.

నువ్వు పంపిన ఫైలు తెరిచి, ఎప్పటిలాగే పావు చుట్టు తిప్పి, పటం మీద వేశాను. ఒక్కటొక్కటిగా గీతలు తెర మీదికి వస్తుంటే నాకు కుర్చీలో కూర్చోబుద్ధి కాలేదు. రొట్టె వెంబడి, ఈ చివరి నుంచి ఆ చివరికి, చాప పరిచినట్టు పడుకుని ఉన్నాయి. గది తలుపు వేసుకుని కాసేపు ఏడ్చాను. ఇన్నేళ్ళ తర్వాత నా మాట నిలబడింది అని రాయబోతున్నాను, ఈ సందర్భంలో నిలబడింది అనకూడదేమో.

పటం ప్రింటు తీసుకుని నేరుగా ఆటోలో అడిక్‌మెట్ వెళ్ళాను. దయాకర్ ఇంటికి నేను వెళ్ళడం అదే మొదలు. ఆయన మంచం పట్టాడని విన్నాను గాని ఇంతని తెలియదు. ఊపిరితిత్తులు పాడైపోయాయట. పక్కన ఆక్సిజన్ మిషన్, ముక్కుకు గొట్టం. వాళ్ళావిడ శ్రీలలిత నన్ను చూసి తలుపు దగ్గరే ఆగిపోయింది. ఆయనే లోపలి నుంచి అన్నాడు, "రానియ్, రానియ్. మేడమ్ గీడిదాక వచ్చిందంటే నేను పోతున్ననని ఎవరో చెప్పి ఉంటరు."

పటం చేతిలో పెట్టాను. కళ్ళజోడు పెట్టుకుని చాలాసేపు చూశాడు. గీతల వెంబడి వేలు పోనిచ్చాడు. తర్వాత పెద్దగా నవ్వాడు, దగ్గు వచ్చేదాకా నవ్వాడు. "గెలిచిన్రు తియ్యున్రి మేడమ్. పండుకునే ఉన్నయ్," అన్నాడు. అక్కడికక్కడే ఫోన్ తీసి ప్రవళికకు చేశాడు. నీకు తెలుసుగా, ఆయన దగ్గర పీహెచ్‌డీ చేసిన అమ్మాయి, ఇప్పుడు క్లాసులో ఆయన పాఠం తనే చెబుతోంది. "బిడ్డా, మన పాఠంల గీతలు నిలబెట్టినం గద, రేపటి సంది పండబెట్టు. రాజేశ్వరి మేడమ్ రుజువు తెచ్చింది," అన్నాడు.

చీకటి పడేదాకా కూర్చున్నాను. పాత అబ్జర్వేటరీ గురించి, కరెంటు పోతే మేం గొడుగులు పట్టుకుని యంత్రాన్ని కాచిన వానరాత్రుల గురించి మాట్లాడుకున్నాం. శ్రీలలిత సర్వపిండి పెట్టింది. తిరిగి వస్తుంటే సంతోషంగానే ఉంది. ఇన్నేళ్ళు ఈ మనిషితో మాట్లాడకుండా ఎలా ఉన్నానా అనిపించింది. ఆదివారం మళ్ళీ వస్తానని చెప్పాను.

డిసెంబరులో పేపరు పత్రికకు పంపుతాను. నా పేరు, దాని పక్కన నీ పేరు.

పెద్దమ్మ


కొండ మీద నుంచి,
6 డిసెంబరు 2024

పెద్దమ్మకు నమస్కారాలు.

పొడులు అందాయి. వంటాయన నువ్వులపొడి నోట్లో వేసుకుని నీళ్ళ బిందె దగ్గరికి పరిగెత్తాడు. ఆ మర్నాటి నుంచి తనే అడిగి వేయించుకుంటున్నాడు.

నువ్వు దయాకర్ సర్ దగ్గరికి వెళ్ళావని చదివి నాకు ఎంత సంతోషమైందో చెప్పలేను. ఆ పేజీ మళ్ళీ మళ్ళీ చదివాను. మీరిద్దరూ గొడుగులు పట్టుకున్న సంగతి నాకెప్పుడూ చెప్పలేదే. వెళ్తూ ఉండు పెద్దమ్మా, ఆపకు.

ఇక్కడ ఆకాశం శుభ్రంగా ఉంది. పని ఎక్కువగానే ఉంది. కొత్త కెమెరా తరచూ మొరాయిస్తోంది. నాతో పనిచేసే అమ్మాయి పెళ్ళికి జోధ్‌పూర్ వెళ్ళి వచ్చాను. ఎర్ర చీర కట్టుకున్నాను, ఫోటో అమ్మకు పంపకు, అపార్థం చేసుకుంటుంది.

పేపరు విషయం. అంత తొందరేముంది పెద్దమ్మా? ఫిబ్రవరి దాకా టైముంది కదా. పటాన్ని ఇంకోసారి మొదటి నుంచి చూసుకుంటే మంచిదేమో అనిపించింది. ఇక్కడ మా టీమ్ పెద్ద శశిధర్ సర్‌కు ఈ పటాలు బాగా అలవాటు. నీకు అభ్యంతరం లేకపోతే ఆయనకూ ఒకసారి చూపిస్తే ఎలా ఉంటుంది? ఏమీ లేదు, ఊరికే అడుగుతున్నాను. అంత దూరం నుంచి ఇద్దరం చెరి సగం చేశాం కాబట్టి మూడో కన్ను పడితే నయమని. నీ ఇష్టం.

దయాకర్ సర్‌ను అడిగానని చెప్పు.

భార్గవి


తార్నాక,
18 డిసెంబరు 2024

భార్గవికి,

నీ ఉత్తరం అందింది. ఎర్ర చీరా, కెమెరా, జోధ్‌పూరూ అన్నీ రాశావు. చివర్న అసలు సంగతి రాశావు. పెద్దమ్మకు అర్థం కాదనుకున్నావు.

శశిధర్ ఎవరు నా పటం చూడటానికి? ఇరవై ఆరేళ్ళు ఈ గెలాక్సీ వెనక తిరిగింది నేను. ఆయన కన్ను పడితే రేపు ఆయన పేరు కూడా పడాలి. బహుశా ఆయన పేరు పడితే నీకు అక్కడ ఉద్యోగం ఖాయమేమో. అదే అయితే సూటిగా అడుగు. నీ పేరు ముందు రావాలన్నా అడుగు, ఇచ్చేస్తాను. నువ్వు నా ఇంట్లో పెరిగిన పిల్లవు, నాతో ఈ డొంకతిరుగుడు ఎందుకు? అపార్ట్‌మెంటు వాచ్‌మన్ వెంకటనర్సయ్య కూడా అప్పు కావాలంటే నా ముఖం చూసి అడుగుతాడు.

పేపరు నిన్న పంపేశాను.

దయాకర్‌ను రెండు రోజులు ఆసుపత్రిలో ఉంచి పంపారు. ఆదివారం వెళితే వరండాలో కుర్చీ వేసుకుని కూర్చుని ఉన్నాడు, నీరసంగా ఉన్నా మాటలకు తక్కువ లేదు. నా ఉపన్యాసానికి వస్తానంటున్నాడు. గొట్టం, సిలిండరు తెచ్చుకుని మొదటి వరసలో కూర్చుంటాడట. "ఓడిపోయినోడు ముంగట కూసుంటేనే గెలిచినోళ్లకు అందం," అన్నాడు. నువ్వు వస్తావో రావో నాకు తెలియదు.

పెద్దమ్మ


కొండ మీద నుంచి,
2 జనవరి 2025

పెద్దమ్మకు నమస్కారాలు.

నాకు పేరు అక్కర్లేదు. నా పేరు ముందు పెట్టమని అడగలేదు, వెనక పెట్టమనీ అడగలేదు. శశిధర్ సర్‌కు ఈ సంగతే తెలియదు, నేను నీకు రాసిన మాటే ఆయనతో ఇంకా అనలేదు. నీకు కుదిరితే నా పేరు పూర్తిగా తీసెయ్యి.

నువ్వు అలా అనుకుంటావని నేను అనుకోలేదు. చాలా రాయాలని కూర్చున్నాను. రాసింది చించేశాను. ఇప్పుడు ఏం రాసినా పంతానికి రాసినట్టు ఉంటుంది. దయాకర్ సర్‌కు కొంచెం నయమయ్యాక రాస్తాను.

భార్గవి


తార్నాక,
19 జనవరి 2025

భార్గవికి,

దయాకర్ పోయాడు. గురువారం తెల్లవారుజామున. నిద్రలోనే అన్నారు.

నీ ఉత్తరానికి జవాబు రాయకుండా ఊరుకున్నాను. పేరు తీసెయ్యమంటావా అని కోపం. ఇప్పుడు ఆ కోపం ఎక్కడ పోయిందో కనబడటం లేదు. మనుషులు ఇంత తేలిగ్గా వెళ్ళిపోతుంటే ఎవరి పేరు ఎక్కడుంటే ఏమిటి?

అడిక్‌మెట్ వెళ్ళాను. ఇల్లంతా ఆయన శిష్యులే. ప్రవళిక నన్ను పట్టుకుని ఏడ్చింది. నాకు అక్కడ ఏడుపు రాలేదు. ఇంటికి వచ్చి లచ్చవ్వ కంచంలో అన్నం పెడుతుంటే వచ్చింది. పాపం ఆమె బెదిరిపోయి, "ఏమైందమ్మా, కూర మంచిగ లేదా?" అని అడిగింది.

ఒక్క విషయానికి మాత్రం దేవుడికి దండం పెట్టుకున్నాను. ఆయన నిజం తెలుసుకుని పోయాడు. నా చేతుల్తో నేనే తీసుకెళ్ళి చూపించాను. మా మధ్య ఏమీ మిగలలేదు. ఆ మాత్రం చేయగలిగాను కదా అని మనసును సముదాయించుకుంటున్నాను.

నువ్వు అలగడం మానెయ్యి. నాకు ఇక్కడ మాట్లాడేవాళ్ళు ఒకరు తగ్గారు.

పెద్దమ్మ


కొండ మీద నుంచి,
27 జనవరి 2025

పెద్దమ్మా,

ఈ ఉత్తరంలో ముందు కబుర్లేమీ రాయను. మన పటం తప్పు.

నీకు పంపిన ఫైలులో గీతల్ని నేనే తిప్పేశాను. ఈసారైనా నీ చేత అనిపించుకోకూడదని, శుభ్రం చేశాక మొట్టమొదట చేసిన పని అదే. చేయవలసినవన్నీ చేశానని నీకు రాసింది అందుకే. నేను ఎప్పటిలాగే మరిచిపోయి ఉంటాననుకుని నువ్వు మళ్ళీ తిప్పావు. పావు చుట్టు, ఇంకో పావు చుట్టు. అంటే అర చుట్టు. గీతకు తలా తోకా లేవు కదా, అర చుట్టు తిరిగితే మొదట ఉన్నచోటికే వస్తుంది. నువ్వు సర్‌కు చూపించినవి తిప్పని గీతలు. ఉట్టి కాంతి గీతలు. ఒక్కసారే తిప్పి చూస్తే అన్నీ నిలబడి ఉన్నాయి, గుండెకాయలోంచి పైకి. సర్ చెప్పినట్టే.

నీ నవంబరు ఉత్తరంలో "ఎప్పటిలాగే పావు చుట్టు తిప్పి" అన్న మాట చదవగానే నాకు అనుమానం వచ్చింది. ఆ రోజే చూసుకున్నాను. డిసెంబరులో ఉత్తరం రాసేనాటికి నాకు పూర్తిగా తెలుసు.

ఎందుకు రాయలేదో నాకే సరిగా తెలియదు. నువ్వు అంత సంతోషంగా రాశావు. గది తలుపు వేసుకుని ఏడ్చానన్నావు. సర్‌తో మాట కలిసిందన్నావు. ఈ కబురు వింటే మళ్ళీ ఆ గడప తొక్కవేమో, మీ మాటలు మళ్ళీ ఆగిపోతాయేమో అని భయపడ్డాను. శశిధర్ సర్ చూస్తే ఆయన నోటితో తప్పు బయటపడుతుంది, నా నోటితో చెప్పే బాధ తప్పుతుందనుకున్నాను. తర్వాత నువ్వు పేరు కోసం అన్నావు. అప్పుడు చెబితే కక్షతో చెప్పినట్టవుతుందని ఆగాను. సర్‌కు నయమయ్యాక చెప్పొచ్చనుకున్నాను.

ఆయన నిజం తెలుసుకుని పోయాడని నువ్వు రాసిన మాట నాకు అన్నం తిననివ్వడం లేదు.

భార్గవి


తార్నాక,
8 ఫిబ్రవరి 2025

భార్గవికి,

నీ ఫైలు మళ్ళీ తెరిచి, చెయ్యి పెట్టకుండా, ఉన్నది ఉన్నట్టు పటం మీద వేశాను. నిలబడ్డాయి. వరి నాట్లలా నిలువునా నిలబడ్డాయి. నీ లెక్క సరైనదే.

పత్రికవాళ్ళకు రాసి పేపరు వెనక్కి తెప్పించుకున్నాను.

నీ మీద నాకు కోపంగా ఉంది. దాచుకోను. డిసెంబరులో నీకు తెలుసు. డిసెంబరులో ఆయన వరండాలో కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. నేను ప్రతి ఆదివారం ఆ కుర్చీ ఎదురుగా కూర్చుని టీ తాగి వచ్చాను. ఒక్క ముక్క, కార్డు మీద రాసినా సరిపోయేది. నేను ఆయన గడప తొక్కనేమో అనుకున్నావా? పరిగెత్తుకుని వెళ్ళేదాన్ని. ఓడిపోవడం నాకూ వచ్చు భార్గవీ. నేర్చుకోవడానికి ఇన్నేళ్ళు పట్టింది గాని, వచ్చు.

నీ మీద కంటే నా మీద నాకు ఇంకా కోపం. ఎవరు పంపిన ఫైలయినా సరే, దానికి ముందు ఏమేం చేశారో అడగకుండా ముట్టుకోవద్దని జీవితమంతా పిల్లలకు చెప్పాను. నిన్ను అడగలేదు. నువ్వు మరిచిపోయే పిల్లవని నా మనసులో ఖాయం చేసుకున్నాను. నువ్వు ఎదిగావని నాకు తోచలేదు. ఆ పైన నువ్వు ఆగమంటే నీకు ఆశ అంటగట్టాను. అంత మాట అన్నాక ఎవరు మాత్రం నోరు విప్పుతారు?

ప్రవళిక పోయిన నెలంతా పిల్లలకు పడుకున్న గీతలే చెప్పిందట. సర్ చివరి మాట అని చెప్పి మరీ చెప్పిందట.

ఇంతకంటే రాయలేను.

పెద్దమ్మ


కొండ మీద నుంచి,
15 ఫిబ్రవరి 2025

పెద్దమ్మా,

ఇరవై ఎనిమిదికి నేను రానా? సెలవు అడిగాను, ఇస్తామన్నారు. నీ పక్కన నిలబడి నేను తిప్పిన సంగతి నేనే చెబుతాను. సగం తప్పు నాది, అంతా నీ మీద వేసుకోవద్దు.

నన్ను మన్నించావా? లేదన్నా సరే, చెప్పు. వద్దంటే రాను.

భార్గవి


తార్నాక,
2 మార్చి 2025

చిరంజీవి భార్గవికి,

నీ ఉత్తరం ఉపన్యాసం రోజు పొద్దున్న చేతికి వచ్చింది. రమ్మనడానికి వ్యవధి లేదు. మన్నించావా అని అడిగావు. ఇంకా లేదు. అయినా సెలవు వాడుకుని రా. నాకు ఇంట్లో ఒక్కదాన్నే ఉండాలనిపించడం లేదు. లచ్చవ్వ నీ గది దులిపి పెట్టింది.

ఉపన్యాసానికి ముందు శ్రీలలిత దగ్గరికి వెళ్ళాలనుకున్నాను. రెండుసార్లు ఆటో ఎక్కి, అడిక్‌మెట్ మలుపు దగ్గర "వద్దు బాబూ, వెనక్కి తిప్పు" అన్నాను. రెండోసారి ఆటో అతను విసుక్కున్నాడు, "ఏందమ్మా, పోతరా పోరా?" అని. చివరికి ప్రవళిక చేత కబురు పంపాను, దయాకర్ సర్ పని గురించి మాట్లాడతాను, రమ్మని.

హాలు నిండింది. శాలువా వద్దన్నాను, తర్వాత చూద్దామని బల్ల మీద పెట్టారు. మొదటి పటం వేశాను, పడుకున్నది. ఇది నేను నవంబరులో చేశాను, తప్పు అని చెప్పాను. రెండో పటం వేశాను. ఇది దయాకర్ నా కంటే ఇరవై ఆరేళ్ళ ముందు చెప్పింది, ఒప్పు అని చెప్పాను. తప్పు ఎలా జరిగిందో, ఎవరు ఎప్పుడు తిప్పారో, నేను ముందే ఎందుకు అడగలేదో అన్నీ చెప్పాను. నీ పేరు చెప్పలేదు, నా దగ్గర చదివిన అమ్మాయి అన్నాను. ఆ గుండెకాయలోంచి ఏదో బలంగా బయటికి తన్నుకొస్తోందనీ, గీతల్ని తనతో పాటు పైకి లాక్కుపోతోందనీ, అది ఏమిటో కనుక్కోవడం మీ వంతనీ పిల్లలకు చెప్పాను. ఒక కుర్రాడు లేచి, మరి పరీక్షలో ఏది రాయాలి మేడమ్ అని అడిగాడు. నిలబడ్డవే రాయి, ఇకమీదట ఎవరు వచ్చి ఏం చెప్పినా నిలబడ్డవే రాయి అన్నాను. చప్పట్లు కొట్టారు. నా నిజాయితీకి కొట్టారట. ఎక్కడైనా దాక్కోవాలనిపించింది.

శ్రీలలిత వచ్చింది. చివరి వరసలో, తలుపు పక్కన కూర్చుంది. అయిపోయాక నేను తాళం అప్పగించి మెట్ల దగ్గరికి వచ్చేసరికి అక్కడ నిలబడి ఉంది. నన్ను తిడుతుందనుకున్నాను. తిట్టాలని కోరుకున్నాను కూడా. చెవికి మెషిన్ పెట్టుకునే ఉన్నాను, ఆమె మాట ప్రతి ఒక్కటీ వినబడింది.

"ఆయన మీ ముంగట నవ్విండు గద మేడమ్," అంది. "మీరు పోయినంక గోడ దిక్కు తిరిగి పండుకున్నడు. అన్నం తినలే. రాత్రి లేపి నన్ను అడిగిండు, 'లలితా, ఇన్నేండ్లు పిల్లలకు తప్పు చెప్పిన్నా?' అని. నాకేం తెలుస్తది ఆ సంగతులు? నేనే అన్న, 'రాజేశ్వరి మేడమ్ చెప్పిందంటే నిజమే అయి ఉంటది, ఆమె లెక్క తప్పదు' అని. ఇగ మళ్ల ఆ మాట ఎత్తలే."

నా చేతులు పట్టుకోలేదు, నా మీద కోప్పడలేదు. ఆ రాత్రి తను ఆ మాట అనకుండా ఉండాల్సిందా అని నన్నే అడుగుతున్నట్టు నిలబడింది. ఆమె మెట్లు దిగి ఆర్ట్స్ కాలేజీ వైపు నడిచిపోయింది.

నువ్వు వచ్చాక ఇద్దరం ఆమె దగ్గరికి వెళదాం. ఏం చెప్పాలో నాకు తెలియదు. వెళదాం.

పెద్దమ్మ